కప్పులేని దేవాలయము

గడచిన సంవత్సరము భూగోళపాఠము చెప్పుచుండగా ఇంగ్లండులోని కావెంట్రీ నగరపు ఛాయాపటము నొకదానిని మా తరగతి బాలురకు చూపితిని. అందొక గొప్ప దేవాలయపు గోడలు, కిటికీల రాతిచట్రములు, మిక్కిలి యెత్తైన గోపురము కలవు. పైకప్పు మాత్రము లేదు. దాని ప్రక్కనే నూతనమైన మఱియొక దేవాలయము నిలిచియున్నది. అంతట నొక బాలుడు లేచి, "అయ్యగారూ, క్రొత్తదానిని కట్టగలిగినవారు పాతదానికి కప్పేల వేయలేదు? వేయనిచో దానిని పడగొట్టి ఆ స్థలమును వాడుకొనరాదా?" అని యడిగెను. ఆ దినమున నేను చెప్పిన ప్రత్యుత్తరము నాకే చాలదని తోచినది. కావున ఈ పత్రికాముఖమున దానిని పూర్తిచేయ దలచితిని.

కావెంట్రీ ఇంగ్లండు నడిమిభాగమున నున్న ప్రాచీననగరము. మధ్యయుగములలో ఉన్నివస్త్రముల వర్తకముచేత అది ధనవంతమైనది. ఆ సంపదతోనే 14, 15 శతాబ్దములలో సెయింట్ మైకేల్ దేవాలయము ఎఱ్ఱని యిసుకరాతితో నిర్మింపబడెను. దాని గోపురశిఖరము సుమారు 295 అడుగుల యెత్తు కలది. 1918లో అది బిషప్పుగారి ప్రధానదేవాలయమాయెను. 1940వ సంవత్సరము నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానములు ఆ నగరముపై బాంబులు కురిపించెను. 500 మందికి పైగా ప్రజలు మరణించిరి. దేవాలయపు కప్పుమీద అగ్నిబాంబులు పడగా కావలివారు కొన్నిటిని ఆర్పిరిగాని, మంటలు మితిమీరెను, నీరును చాలకపోయెను. తెల్లవారునప్పటికి గోపురమును వెలుపలి గోడలును మాత్రమే మిగిలెను.

అట్టి దుఃఖములో మనుష్యుని హృదయము పగను కోరుట సహజము. అచ్చటివారు వేఱుమార్గము నెన్నుకొనిరి. కాలి పడియున్న రెండు దూలములను జాక్ ఫోర్బ్స్ అను రాతిపనివాడు సిలువగా కట్టి నిలిపెను. పాతకప్పునుండి రాలిన మధ్యయుగపు మేకులు మూడింటితో మఱియొక చిన్న సిలువ చేయబడెను. ఆ దేవాలయాధిపతియగు రిచర్డు హొవార్డుగారు 1948లో బలిపీఠము వెనుకటి గోడమీద "తండ్రీ, క్షమింపుము" అను రెండు మాటలు చెక్కించిరి. "వారిని" అను మాట అందు లేదు. క్షమాపణ శత్రువునకే గాక మనకందఱికిని కావలసినదే యని ఆ లోపించిన మాట బోధించుచున్నది.

తరువాత నూతనదేవాలయమునకై పోటీ యేర్పఱుపగా 200కు మించిన నమూనాలు వచ్చెను. వానిలో 1951లో బేసిల్ స్పెన్సు అను శిల్పి పంపినది ఎన్నుకొనబడెను. శిథిలముల నట్లేయుంచి, వానిని ఆనుకొని క్రొత్తదానిని కట్టుటయే ఆయన నమూనాకు ప్రాణము. 1962 మే 25వ తేదీన ఆ మందిరము ప్రతిష్ఠింపబడెను. పాతదానివలెనే ఇదియు ఎఱ్ఱని యిసుకరాతి కట్టడమే. ఒక యెత్తైన ముఖమంటపము రెంటిని కలుపుచున్నది. శిథిలములవైపున గోడకు మారుగా గొప్ప అద్దపుతెర కలదు; దానిపై జాన్ హట్టన్ అను చిత్రకారుడు పరిశుద్ధులను దేవదూతలను చెక్కెను. లోపల నిలిచినవాడు ఆ తెరగుండ కాలిపోయిన గోడలను చూడగలడు. ప్రక్కగోడల కిటికీలు బలిపీఠమువైపునకు ఏటవాలుగా తిరిగియున్నవి. లోనికి వచ్చువానికవి కనబడవు. బలిపీఠమును చేరి వెనుదిరిగి చూచినప్పుడే వాని వర్ణములు కన్నులకు గోచరించును. నడచివచ్చిన త్రోవను వెనుదిరిగి చూచినవానికే దాని యర్థము తెలియునని శిల్పి చెప్పకయే చెప్పినట్లున్నది.

ఇక పడగొట్టరాదా యన్న ప్రశ్న. నేడు ఇంగ్లండులో అట్లు చేయుటకు చట్టము అడ్డుపడును. 1944, 1947 సంవత్సరముల నగరనిర్మాణ శాసనములచేత, చరిత్రయందు గాని శిల్పమునందు గాని విశేషముగల కట్టడములకు జాతీయమైన పట్టిక యేర్పడెను. అందు మూడంతస్తులు కలవు: మొదటి తరగతి, నక్షత్రపు గుర్తుగల రెండవ తరగతి, సాధారణమైన రెండవ తరగతి. పట్టికలో చేరినదానిని పడగొట్టుటకు గాని, దాని స్వరూపము చెడునట్లు మార్చుటకు గాని ముందుగా అనుమతి పొందవలెనను నిబంధన 1968లో వచ్చెను. కావెంట్రీలోని పాతగోడలు మొదటి తరగతిలో నున్నవి. కట్టి 26 సంవత్సరములైనను నిండకమునుపే, 1988లో, నూతనదేవాలయమును ఆ తరగతిలోనే చేరెను. కాబట్టి ప్రాచీనత యొక్కటియే గౌరవమునకు కారణము కాదు.

కొందఱు, "ఇల్లులేని పేదలుండగా పాతరాళ్లకు ధనము వెచ్చించుట తగునా? యజమానుని స్వాతంత్ర్యమును హరించుట న్యాయమా?" అందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. యుద్ధానంతరము కావెంట్రీ ప్రజలకు ఇండ్లు అత్యవసరముగా కావలసియుండెను. అయినను రెండు సంగతులు గమనింపవలెను. ఆ పట్టికలో నూటికి తొంబదికి పైగా సాధారణమైన రెండవ తరగతివే. వానిలో కోటలకంటె నివాసగృహములే మెండు. మఱియు చట్టము మార్పును నిషేధింపలేదు; మార్చుటకు ముందు అడుగుమనుచున్నది, అంతే. పేదలకును ప్రాచీనతకును వైరము లేదనుటకు ఫోర్డుగారి ధర్మగృహమే సాక్షి. వృద్ధులకొరకు 1509లో స్థాపింపబడిన ఆ కొయ్యచట్రపు కట్టడము 1940 అక్టోబరులో బాంబు తగిలి కూలెను. అందున్నవారిలో కొందఱు మరణించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట పాత కొయ్యలనే యేరి మరల నిలిపిరి. తిరిగి అది వృద్ధులకే ఆశ్రయమాయెను.

నాశనమంతయు శత్రువే చేసెననుటయు సత్యము కాదు. యుద్ధమునకు ముందే, 1936లో, క్రొత్తబాటకొరకు బుచర్ రో యను మధ్యయుగపు వీథిని నగరపాలకులే పడగొట్టించిరి. యుద్ధము తరువాతను నూతననగరము పేరిట మఱికొన్ని ప్రాచీనగృహములు పోయెను. పిమ్మట నగరమునకు పశ్చాత్తాపము కలిగెను కాబోలు. 1960ల చివరనుండి మిగిలిన కొయ్యయిండ్లను కొన్నిటిని విప్పి, స్పాన్ స్ట్రీట్ అను వీథికి తెచ్చి నిలిపిరి. అది మెచ్చదగిన పనియే. కాని తన వీథిని విడిచిన యిల్లు సగము సాక్ష్యమే చెప్పగలదు. బాంబు ఒక్కరాత్రిలో చేసినదానిని అశ్రద్ధ కొన్నియేండ్లలో చేయును. బాంబును మనము నిందింతుము. అశ్రద్ధకు మాత్రము అభివృద్ధియని పేరు పెట్టుకొందుము. నా మనవి యంతయు ఇందే యున్నది.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు సమాధానము చెప్పెదను. కప్పు వేసియున్నచో ఆ రాత్రి యేమియు జరుగనట్లే యుండును. పడగొట్టియున్నచో అయిదువందల యేండ్ల పని మఱపునబడును. ఆ రెండు మాటలు లేక గోడలను మాత్రమే నిలిపియున్నచో అవి పగకు జ్ఞాపకచిహ్నములగును. గాయమును దాచక, ద్వేషమును పెంచక నిలుపుటయే కావెంట్రీవారి విజ్ఞత. దాని ఫలమును వారు కన్నులార చూచిరి. నూతనదేవాలయము ప్రతిష్ఠింపబడు కాలమున జర్మనీనుండి యువజనులు వచ్చి శిథిలములలో స్వహస్తములతో పనిచేసిరి. 1945 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికను విమానముల బాంబులచేత కాలిన డ్రెస్డెన్ నగరమునకు 1965లో కావెంట్రీ యువజనులు పోయి, అచ్చటి ఆసుపత్రిని తిరిగి కట్టుటలో తోడ్పడిరి.

బాలబాలికలారా, మీలో కొందఱు ముందుముందు ఇంజనీర్లు, పురపాలకులు, గృహయజమానులు అగుదురు. పాతగోడను చూచినంతనే గునపము పట్టకుడు. దీనిని ఎవరు కట్టిరి, ఎందులకు కట్టిరి, ఇది దేనికి సాక్షి యని మూడు ప్రశ్నలు వేసికొనుడు. అటుపిమ్మట పడగొట్టవలసివచ్చినచో పడగొట్టుడు. అడిగి చేసిన పనికి పశ్చాత్తాపము తక్కువ.

ప్రశ్న వేసిన బాలుడు ఈ యేడు పైతరగతికి పోయెను. అతడీ పుటలను చదువునని నమ్ముచున్నాను.

— ఒక ఉపాధ్యాయుడు