చెరువు గట్టు దాకానే

'జలక్రీడలు' అన్న మాట ఈ మధ్య టూరిజం బోర్డుల మీద తరచూ కనిపిస్తోంది. కయాకింగ్, పెడల్ బోట్లు, స్పీడ్ బోట్లు, రాత్రి బసకు గుడారాలు, అన్నిటికీ పైన పెద్దక్షరాల్లో జలక్రీడలు. తెలుగు ఎమ్మే చదివినవాళ్ళకి, ఆ పాఠాలు చెప్పినవాళ్ళకి ఈ మాట చూడగానే నవ్వొస్తుంది. కావ్యానికి పద్ధెనిమిది వర్ణనలు ఉండాలన్న ఆలంకారికులు ఉద్యానవిహారం పక్కనే సలిలక్రీడని కూడా చేర్చారు. ఇంకేం, మన ప్రబంధ కవులు పోటీలుపడి ఆడవాళ్ళని కొలనుల్లోకి దించారు. తడిసిన చీరలు, వీడిన కొప్పులు, చెదిరిన కుంకుమలు. ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, మొదటి మునకకి గుండె ఎలా ఝల్లుమందో, నీళ్ళలో ఒళ్ళు ఎంత తేలికైందో ఆ దిగిన మనిషి వైపునుంచి చెప్పిన పద్యం కోసం వెతుక్కోవలసిందే. గట్టున నిలబడి చూసేవాడికి ఏమనిపించిందో మాత్రం పుష్కలంగా దొరుకుతుంది. గోపికల సంగతి సరేసరి. స్నానానికి దిగినవాళ్ళ బట్టలు ఎత్తుకుపోయి చెట్టెక్కి కూర్చున్నవాణ్ణి భక్తితో తలుచుకోవడం మనకి చిన్నప్పుడే నేర్పేశారు.

కావ్యాల్లోంచి బయటికొస్తే చెరువుకీ ఆడదానికీ ఉన్న సంబంధం వేరే. బిందె, బట్టల మూట, అంట్లు, గేదెలు. అదీ కాకపోతే చావు. ఊళ్ళో ఏ ఆడపిల్లయినా కనిపించకపోతే ముందు వెతికేది బావుల్లోనూ చెరువుల్లోనే కదా. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి ఖండకావ్యాల్లో ఒకటిగా మనం పాఠం చెప్పుకునే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కథ ఏమిటి? అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగిపోతుంటే, ఊరిని కాపాడడానికి ఒక ఇంటి చిన్నకోడలు ఆ గండిలోకి నడిచి బలైపోవడం. మన ఆధునిక కవిత్వం తొలి అడుగులోనే చెరువుకట్టలో ఒక ఆడమనిషి కూరుకుపోయి ఉంది! క్లాసులో ఆ త్యాగాన్ని ఎంత గొంతు వణికించి చెప్తామో నాకు తెలుసు. ఆ గండికి కోడలే ఎందుకు కావలసి వచ్చింది, కొడుకు ఎందుకు పనికిరాలేదు అన్న ప్రశ్న పరీక్షపేపర్లో వచ్చినట్టు నాకు గుర్తులేదు. తెలంగాణలో ఏ చెరువుకి వెళ్ళినా కట్ట మీద మైసమ్మ ఉంటుంది. నీళ్ళకి కాపలా కాసే పని దేవతకైనా తప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. బయ్యారం చెరువు తవ్వించి శాసనం వేయించింది గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ. కాకతీయుల తొలితరాల వంశక్రమం తెలుసుకోడానికి చరిత్రకారులకి ఆ శాసనమే ముఖ్యమైన ఆధారం. అంటే తమ తాతముత్తాతలెవరో చెప్పింది కూడా ఒక ఆడమనిషి, అదీ చెరువు సాక్షిగా. తవ్వించిందీ మనమే, మట్టి మోసిందీ మనమే. 2005 ఉపాధి హామీ చట్టం పనుల్లో మూడోవంతయినా ఆడవాళ్ళుండాలన్నారు, మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా వాళ్ళే ఉంటూ వచ్చారు. చెరువు పూడిక తట్టలకెత్తి నెత్తిన పెట్టుకుని గట్టెక్కేది వాళ్ళే. మరి అదే చెరువు ఒడ్డున ఒక రాత్రి ఊరికే పడుకుంటామంటే ఎందుకింత గొడవ?

గొడవ ఏమిటో చెప్తాను. రెండేళ్ళ కిందట మేం ఆరుగురం, అందులో ఒకావిడ రిటైరైన లెక్చరర్, ఒకావిడ అంగన్‌వాడీ టీచర్, ఓ చెరువు పక్కన కొత్తగా వెలిసిన చిన్న పార్కుకి వెళ్ళాం. పది గుడారాలు, నాలుగు కయాకులు, ఒక బోటు షెడ్డు, ఉయ్యాలలు, మిర్చిబజ్జీల బండి. చిన్నదే కానీ చాలా బావుంది. టికెట్ల దగ్గరి అబ్బాయి మా వెనక్కి తొంగిచూసి "మీతో జెంట్స్ ఎవరూ రాలేదా మేడం?" అన్నాడు. రాలేదన్నాం. "ఒట్టి లేడీస్‌కి నైట్ టెంట్ ఇవ్వమండి, సేఫ్టీ ప్రాబ్లం" అన్నాడు. మా లెక్చరరమ్మ ఊరుకుంటుందా? "ఏం బాబూ, ఇక్కడి పాములకి జెంట్స్‌ని చూస్తే భయమా?" అంది. పాపం ఆ అబ్బాయికీ నవ్వొచ్చింది. కానీ రూలు రూలే. మేం మాట్లాడుతుండగానే ఎనిమిదిమంది కుర్రాళ్ళు, చేతుల్లో సీసాల పెట్టెలతో, మా పక్కనుంచే వెళ్ళి నాలుగు గుడారాలు తీసుకున్నారు. వాళ్ళని ఎవరూ 'మీతో లేడీస్ ఎవరూ రాలేదా?' అని అడగలేదు.

ఇక్కడ తర్కం చూడండి. ప్రమాదం ఎవరివల్ల? తాగిన మగవాళ్ళ వల్ల. కాబట్టి ఎవర్ని లోపలికి రానివ్వకూడదు? ఆడవాళ్ళని! ఈ వింత లెక్క మన హాస్టళ్ళ వేళల్లో ఉంది, బస్సుల వేళల్లో ఉంది, ఇంట్లో 'చీకటి పడకముందే వచ్చెయ్యి' అనే మాటలో ఉంది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి వీధుల గురించి 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకంలో దీన్నే పట్టుకున్నారు. బయట కనిపించే ఆడమనిషి ఏదో పని మీద వచ్చినట్టు నిరూపించుకుంటూ ఉండాలి. పనీపాటా లేకుండా తిరిగే హక్కు, కావాలని ప్రమాదాన్ని ఎదుర్కొనే హక్కు కూడా మనకి కావాలంటారు వాళ్ళు. ముంబయి లోకల్ రైళ్ళకి ఎంత వర్తిస్తుందో మన ఊరి చెరువుగట్టుకీ అంతే వర్తిస్తుంది. బిందె పట్టుకుని వెళ్తే ఎవరూ అడగరు. బిందె లేకుండా వెళ్తే 'ఏంటమ్మా ఇలా వచ్చావ్?' అని నలుగురు అడుగుతారు.

ఈ 'సేఫ్టీ' మనుషుల్ని చంపుతుంది కూడా. 2004 డిసెంబర్ సునామీ గురించి ఆక్స్‌ఫామ్ 2005లో ఇచ్చిన నివేదికలో మన పక్క రాష్ట్రంలోని కడలూరు జిల్లా లెక్క ఉంది: చనిపోయిన ఆడవాళ్ళు 391 మంది, మగవాళ్ళు 146 మంది. కారణాలు చాలానే చెప్పారు. ఆ వేళకి మగవాళ్ళలో కొందరు పడవల్లో ఉన్నారు, ఆడవాళ్ళు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తున్నారు, చంకలో పిల్లలున్నారు. వాటితోపాటు ఒకటుంది: మగవాళ్ళకి ఈత వచ్చు, చెట్టెక్కడం వచ్చు. తరతరాలుగా సముద్రం పక్కనే బతుకుతున్న ఆడవాళ్ళకి ఈత రాకపోవడం ప్రకృతి చేసిన పని కాదు కదా! మన పల్లెల్లోనూ అంతే. మగపిల్లల నడుముకి సొరకాయబుర్రో, టైరు ట్యూబో కట్టి బావిలోకి తోసేస్తారు. అదే వయసు అక్క గట్టు మీద వాడి బట్టలకి కాపలా. నలభై దాటిన వయసులో గోలి శ్యామల 2021లో పాక్ జలసంధిని ఈది దాటింది. హైదరాబాదు మనిషి. అలాంటి ఒకరిని చూసి చప్పట్లు కొట్టి ఊరుకుంటే చాలదు, ప్రతి మండలంలోనూ ఆడపిల్లలకి ఈత నేర్పే ఆడ కోచ్ ఎందుకు లేదని అడగాలి.

'మనకి క్యాంపింగ్ కొత్తా? కార్తీకంలో వనభోజనాలకి వెళ్ళమా?' అని ఒక మిత్రురాలు అడిగింది. వెళ్తాం. తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, గిన్నెలు సర్ది, ఉసిరిచెట్టు కింద పొయ్యి పెట్టి, ఆకులు వేసి, వడ్డించి, గిన్నెలు తోమి తెచ్చుకుంటాం. మగవాళ్ళు దుప్పటి పరిచి పేకాడుకుంటారు. వంటింటిని చెట్టు కిందకి మార్చడాన్ని విహారం అనుకోవడం మనకెంత అలవాటైపోయిందంటే, వంట లేని విహారం అంటే గిల్టీగా ఉంటుంది.

నాకు అసలు కోపం పార్కువాళ్ళ మీద కాదు, మన మీద. ఈ సంగతి ఒక సాహిత్య సభలో ఎత్తితే ఒక పెద్దావిడ, నేను గౌరవించే రచయిత్రి, "గృహహింస, కట్నం చావులు, భూమి హక్కులు ఉండగా ఈ పడవ షికార్లేమిటమ్మా?" అంది. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు తలూపారు. వర్జీనియా వుల్ఫ్ గదీ డబ్బూ కావాలన్న మాట మనందరికీ కంఠతా వచ్చు. 1929 నాటి ఆ పుస్తకం మొదట్లో ఏం జరుగుతుంది? నది ఒడ్డున ఊరికే కూర్చున్న మనిషికి ఒక ఆలోచన చిన్న చేపలా గాలానికి తగులుతుంది. ఆ సంబరంలో లేచి పచ్చిక మీద నడిస్తే కాలేజీ కాపలావాడు అడ్డొచ్చి, ఇది ఆడవాళ్ళు నడిచే చోటు కాదంటాడు. చేప కాస్తా జారిపోతుంది. గది సంగతి ఆ తర్వాత. ముందు నది ఒడ్డు. మనం గది దగ్గర ఆగిపోయాం.

ఆ పెద్దావిడ ప్రశ్నలో నిజమైన ముల్లు ఒకటుంది, దాన్ని దాటవేయను. గుడారానికి రాత్రికి కట్టే డబ్బు పూడిక తీసిన మనిషికి కొన్ని రోజుల కూలి. పార్కు చుట్టూ కంచె పడ్డాక బట్టలుతికే రేవు ఎటు పోయింది, గేదెలు ఎటు దిగుతున్నాయి, చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటున్నారు? గేటు దగ్గర మాకు అడ్డం పడింది జెండర్, ఆ ఊరి ఆడవాళ్ళకి దానితోపాటు టికెట్టు కూడా. అయితే దీనికి జవాబు మనం ఇంట్లో కూర్చోవడమా? ఆ ఊరి ఆడవాళ్ళకి టికెట్టు లేకుండా చెయ్యమని, రేవు రేవుగానే ఉంచమని అడగడమా? బతుకమ్మ నాడు వాళ్ళని ఇదే గట్టుకి మేళతాళాలతో పిలుస్తారు. పూలు వదిలి నీళ్ళ అంచునుంచే వెనక్కి తిరిగి వచ్చేస్తారు.

కాబట్టి మాటలు చాలు. మళ్ళీ బతుకమ్మ పండగలోపల మనలో ఎవరి జిల్లాలో ఏ చెరువు పార్కుగా మారిందో లెక్క తీద్దాం. అక్కడ ఆడవాళ్ళకి మాత్రమే అన్న రూలు ఏదన్నా ఉందా, అది ఎక్కడైనా రాసి ఉందా లేక గేటు దగ్గర నోటిమాటేనా? బట్టలు మార్చుకునే గదికి లోపలివైపు గడియ ఉందా? మేం వెళ్ళినచోట తలుపు ఉంది, గడియ లేదు. కయాక్ ఎక్కాలంటే చీర కుదరదన్నారు; గోచీ పోసి కట్టిన చీరతో మోకాటిలోతు బురదలో నాట్లేసే మనిషికి ఎందుకు కుదరదో ఎక్కి చూపించమని అడుగుదాం. యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళు వచ్చే రచయిత్రుల వర్క్‌షాపుని ఏసీ సెమినార్ హాల్లో కాకుండా అక్కడ పెట్టండి, రెండు రాత్రులు. ఇవ్వమంటే కలెక్టరాఫీసుకి పోదాం. వినతిపత్రం నేను రాసి ఉంచాను, సంతకాలు కావాలి.