కలుద్దాం సరే, ఏ రోజు?

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ బోధించే జెఫ్రీ హాల్ 2018లో ఒక లెక్క తేల్చారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, కాస్త గట్టి స్నేహానికి 90, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలట. అందులో ఓ మెలిక ఉంది. పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలకు అంత విలువ లేదు. కబుర్లు, ఆటలు, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం, ఊరికే కూర్చోవడం... లెక్కలోకి వచ్చేవి ఇవే.

పరిశోధక విద్యార్థులు దెబ్బతినేది సరిగ్గా ఈ మెలిక దగ్గరే. ‘రోజంతా ల్యాబ్‌లో కలిసే ఉంటున్నాం కదా, మళ్లీ ప్రత్యేకంగా కలవడమేంటి’ అంటుంటారు. కలిసే ఉంటారు, నిజమే. ఒకరు సెంట్రిఫ్యూజ్ దగ్గర, ఇంకొకరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు. మూడేళ్లు గడిచినా పక్క సీటు మనిషికి అక్కచెల్లెళ్లున్నారో లేదో తెలియదు. నేచర్ బయోటెక్నాలజీ పత్రిక 2018లో ప్రచురించిన సర్వేలో 26 దేశాల నుంచి 2,279 మంది పాల్గొన్నారు. ఎక్కువమంది పీహెచ్‌డీ విద్యార్థులే. 41 శాతం మందిలో ఆందోళన, 39 శాతం మందిలో కుంగుబాటు ఓ మోస్తరు నుంచి తీవ్ర స్థాయిలో కనిపించాయి. వారానికో సాయంత్రం అంత్యాక్షరి ఆడితే ఇవన్నీ మాయమవుతాయని కాదు. గైడు చిరాకులు, ఆలస్యమయ్యే ఫెలోషిప్పు పాటతో పోవు. వాటిని చెప్పుకోవడానికి ఒక మనిషి దొరుకుతారు, అంతే. ఆ మాత్రం దొరకనివాళ్లే ఎక్కువ.

అమెరికాలో ఎంఎస్ చేసే తెలుగు పిల్లలు ఈ గంటల్ని తెలియకుండానే కూడబెడతారు. అద్దె కలిసిరావాలని నలుగురైదుగురు ఒకే అపార్ట్‌మెంట్‌లో దిగుతారు. వంట వంతులు, గిన్నెల వంతులు, పప్పులో ఉప్పెక్కువైందన్న గొడవ, అర్ధరాత్రి పేకాట. వారానికి రెండు గంటల చొప్పున 200 గంటలు పూర్తికావాలంటే దాదాపు రెండేళ్లు, అంటే ఎంఎస్ మొత్తం పడుతుంది. ఒకే వంటగది ఉంటే ఆ పని మొదటి సెమిస్టర్‌లోనే అయిపోతుంది. పీహెచ్‌డీ వాళ్ల సంగతి వేరు. వేళాపాళా లేని ప్రయోగాలు, ఒక్కొక్కరిది ఒక్కో బ్యాచ్, కొందరికి పెళ్లీ పిల్లలూ. వీళ్లకు గంటలు వాటంతటవే పోగుపడవు. ఎవరో ఒకరు పూనుకోవాలి.

పూనుకున్నవాళ్లు ముందు చేసే పని వాట్సాప్‌లో పోల్ పెట్టడం. శుక్రవారమా, శనివారమా, ఆదివారమా? సగం మంది ఓటేయరు, వేసినవాళ్లు మనసు మార్చుకుంటారు, పోల్ కింద మరో పోల్ పుడుతుంది. అసలు అందరికీ కుదిరే రోజు కోసం వెతకడమే తప్పు. స్నాతకోత్సవం తప్ప అలాంటి రోజు ఇంకోటి ఉండదు. రోజు, వేళ ముందే ఖాయం చేసుకోవాలి. ముగ్గురే వచ్చినా ఆపకూడదు. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో మధ్యాహ్నం 3 గంటల టీ దశాబ్దాల అలవాటు. ఆ వేళకు అక్కడ ఎవరో ఒకరు ఉంటారని తెలిస్తే చాలు, పిలుపులతో పనిలేదు.

ఇక డబ్బు. దీని గురించి మాట్లాడటానికి మొహమాటం, అందుకే చాలా గుంపులు చప్పుడు లేకుండా పలచబడతాయి. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ అర్హత లేనివారికిచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్పు 8,000. ఇద్దరూ కూర్చునేది ఒకే బెంచీ మీద. గచ్చిబౌలిలో బిర్యానీ తిని బిల్లు సమానంగా పంచితే ఒకరికి అది సరదా, ఇంకొకరికి నెలాఖరు దాకా గుర్తుండే ఖర్చు. ఆ రెండోవారు మరుసటి వారం ‘పనుంది’ అంటారు. అందుకే పెద్దగా ఖర్చులేని దారి చూసుకోవాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు జరుపుకునే సుకూన్ ఉత్సవం హోరు దానిదే, కాదనలేం. కానీ గంటల లెక్కకు వస్తే అదే క్యాంపస్‌లో బండరాళ్ల వైపు సాయంత్రం నడక, తిరిగొచ్చాక ఓ కప్పు చాయ్ ఎక్కువ పనిచేస్తాయి. పాట్‌లక్ కూడా మంచిదే, వండటం రానివాళ్లకు పెరుగు, పేపర్ ప్లేట్లు అప్పగిస్తే. మందు ఉంటే ఉండనీయొచ్చు. మందే కార్యక్రమమైతే మాత్రం తాగనివాళ్లు తొమ్మిదింటికే చెప్పులేసుకుంటారు.

ఎవరిని పిలుస్తున్నారన్నదీ చూసుకోవాలి. ఇంటిపేర్లు చూసి పిలిచే జబ్బు మనవాళ్లతో పాటు సముద్రం దాటింది. తెలుగు జోకుల మధ్య బెంగాలీ ల్యాబ్‌మేట్ మొహమాటంగా నవ్వడం మరో బాధ. దానికి మందు ఒక క్యారమ్ బోర్డు.

చోటు ఇవ్వాల్సింది విశ్వవిద్యాలయాలు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కెక్ హాల్ నేలమాళిగలో వల్‌హల్లా అనే పబ్బుంది. గ్రాడ్యుయేట్ విద్యార్థులే జీతం తీసుకోకుండా వంతులవారీగా నడుపుతారు. మనకు పబ్బు అక్కర్లేదు. సాయంత్రం ఆరు తర్వాత సెమినార్ హాలు తాళంచెవి, ఓ కెటిల్ ఇస్తే చాలు. మానసిక ఆరోగ్యం మీద పోస్టర్లు అంటించే చోటే ఆ తాళంచెవికి మూడు సంతకాలు అడగడం విడ్డూరం. గైడ్లు వస్తామంటే రానివ్వొచ్చు. సమోసాలు తెప్పించి అరగంటలో వెళ్లిపోవడం వారి మర్యాద.

పిలిచేది, సామాన్లు తెచ్చేది, చివర్లో గిన్నెలు తోమేది ఒక్కరే అయితే వారి థీసిస్‌తో పాటే ఆ సాయంత్రాలూ ముగుస్తాయి. ఆ ఒక్కరు తరచూ అమ్మాయే కావడం కాకతాళీయమేమీ కాదు. అందుకే మొదటి నుంచే ఒక జూనియర్‌ను జతచేసుకోవాలి. గ్రూప్ అడ్మిన్ పెత్తనం, క్యారమ్ పౌడర్ డబ్బా, బాకీలు రాసిన నోట్‌బుక్కు తాము వెళ్లేముందే ఆ జూనియర్ చేతికి రావాలి. ఆ పుస్తకంలో సీనియర్ల పేర్లే ఎక్కువుంటాయి. పట్టా తీసుకోవడానికి వచ్చినప్పుడు వసూలు చేయొచ్చు.