నవ్వింది మేమే

సుబ్బారావు అన్న పేరును ఎవరో పరాయివాళ్లు వచ్చి చంపలేదు. మేమే నవ్వి నవ్వి చంపాం. అప్పారావు, వెంకటలక్ష్మి, యాదగిరి, పుల్లమ్మ. వీటిలో ఏది తెర మీద వినబడినా హాల్లో నవ్వు మొదలయ్యేది. ఆ పేరున్న మనిషి ఒట్టి అమాయకుడో, అప్పులవాడో, పనిమనిషో, హీరో చేతిలో దెబ్బలు తినేవాడో అయి ఉండాలి. హీరోకి మాత్రం విజయ్, రవి, రాజా. టికెట్టు కొనుక్కుని వెళ్లి మరీ నవ్వాం. మర్నాడు బళ్లో ఆ పేరున్న పిల్లాణ్ణి పట్టుకుని ఇంకోసారి నవ్వాం. పాతికేళ్లు గడిచి మాకు పిల్లలు పుట్టేసరికి ఆ నవ్వు ఎక్కడ వాళ్ల మీద పడుతుందోనని వణికిపోయాం. మా తరం పేర్ల వెతుకులాటకు మూలం ఈ వణుకే. అభిరుచి అని దానికి మర్యాదగా పేరు పెట్టుకున్నాం.

మా తరమంటే శ్రీనివాస్‌లూ సునీతలూ. 1970ల్లో, 80ల్లో పుట్టినవాళ్లం. ఒక్క క్లాసులో నలుగురు శ్రీనివాసులుంటే పొడుగు శీను, నల్ల శీను, కళ్లజోడు శీను అని విడగొట్టేవారు. ఆడపిల్లల వైపు అనిత, సరిత, కవిత, మాధవి. అలా గుంపులో కలిసిపోవడం మాకు నచ్చలేదు. మా పిల్లలకు ఎవరూ పెట్టని పేరు పెట్టాలనుకున్నాం. అందులో తప్పు లేదు. కాకపోతే పంతులుగారి దగ్గరా, స్నేహితుల దగ్గరా, ఆస్పత్రి వరండాలోనూ మేం అడిగిన మాట ఇది: "ట్రెండీగా ఉండాలండీ, కానీ కామన్‌గా ఉండకూడదు." అందరికీ నచ్చాలి, ఇంకెవరూ పెట్టుకోకూడదు. ఈ కోరికలోని తిరకాసు మాకు కనబడలేదు.

ఫలితం అటెండెన్సు రిజిస్టర్లలో పడింది. 2000 తర్వాత హర్షిత, లిఖిత, రిషిత, జోషిత వరసకట్టారు. వెనకే రిత్విక్, అద్విక్, చార్విక్, వాళ్ల చెల్లెళ్లుగా ధన్విక, తన్విక, హన్విక. ఆ తర్వాత అయాన్ష్, రేయాన్ష్, రుద్రాన్ష్, శ్రియాన్ష్. ఏ ఇద్దరి పేరూ ఒకటి కాదు, నిజమే. కానీ టీచరమ్మ పిలిస్తే నలుగురూ ఒకేసారి తల ఎత్తుతారు. నాలుగు శీనుల క్లాసు నుంచి పారిపోయి మేం చేరింది ఇక్కడికి.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్ల లెక్కను అందరికీ అందుబాటులో ఉంచింది. 1970 నుంచి 1984 దాకా ఏటా ఆడపిల్లల్లో మొదటి పేరు జెన్నిఫర్. తర్వాత అది దిగిపోయింది. ఇప్పుడక్కడ ఆ పేరు వింటే నడివయసు మనిషి గుర్తొస్తుంది. సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ లీబర్సన్ 2000లో 'ఎ మేటర్ ఆఫ్ టేస్ట్' అని ఈ పేర్ల ఫ్యాషన్ మీదే ఒక పుస్తకం రాశాడు. పెద్ద చారిత్రక కారణమేదీ అక్కర్లేకుండా ఫ్యాషన్ తనంతట తానే కదులుతుందనీ, అప్పటికే చెవికి నచ్చినదాన్ని కాస్త మార్చి పెట్టడమే జనం చేసేదనీ అందులో వాదించాడు. విక్ తర్వాత విక, ఆన్ తర్వాత ఆన్ష్. మేం సొంతంగా కనిపెట్టామనుకున్నది ఇదే.

అయినా జబ్బు అందరిదీ అన్నంత మాత్రాన మా నేరం తగ్గదు. ఎందుకంటే జెన్నిఫర్ వచ్చినప్పుడు అక్కడివాళ్లు పోగొట్టుకున్నదీ, అయాన్ష్ కోసం మేం పారేసిందీ ఒకటి కాదు.

మన దగ్గర పేరు వింటే నేల తెలిసేది. అప్పలరాజు, అప్పలనరసమ్మ అంటే విశాఖ వైపు, సింహాద్రి అప్పన్న మొక్కు. సింహాచలం అన్నది అక్కడ ఆడవాళ్లకూ మగవాళ్లకూ కూడా పేరే. ఇద్దరికీ పనికొచ్చే పేరు కావాలని ఇవాళ మా కాలనీల్లో ఫోన్లు పట్టుకుని వెతికేవాళ్లకు ఈ సంగతి చెబితే మొహం అదోలా పెడతారు. పైడిరాజు అంటే విజయనగరం. నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ. సత్తిబాబు అన్నవరం ప్రసాదం. కోటయ్య, కోటేశ్వరరావు అంటే నరసరావుపేట పక్కన కోటప్పకొండ, తిరునాళ్ల ప్రభలు. పానకాలరావు మంగళగిరి కొండ మీద నరసింహస్వామి నోట్లో పోసే పానకంలోంచి పుట్టాడు. పెంచలయ్య నెల్లూరు వైపు పెంచలకోన, యాదమ్మ యాదగిరిగుట్ట, రాజయ్య వేములవాడ, ఓదెలు ఓదెల మల్లన్న. పటం అక్కర్లేదు, పేర్లు చదువుకుంటూ పోతే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా తిరిగి రావచ్చు. అన్నిటికంటే నాకు అబ్బురం మస్తానయ్యలూ, దస్తగిరులూ, హుస్సేనమ్మలూ. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలు వాళ్లు, ఇంట్లో దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటమే ఉండేది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు పల్లెల్లో దీన్నెవరూ వింతగా చూడలేదు. ఇవాళ మేం పెట్టం. "మీరు ముస్లిమ్సా?" అని స్కూల్లో అడుగుతారేమోనని. అడిగితే ఏమవుతుందో ఆలోచించేంత దూరం కూడా వెళ్లలేదు.

మేడారం సంగతి చెబితే మాకే సిగ్గు. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరకు కార్లు కట్టించుకుని వెళ్తాం. పిల్లను తక్కెట్లో కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం, అంటే పిల్ల ఎత్తు బెల్లం, తల్లులకు ఇస్తాం. ఫొటోలు పెడతాం. తక్కెట్లో కూర్చున్న పిల్ల పేరు కియారా. సమ్మక్క, సారక్క, సమ్మయ్య, సారయ్య అన్న పేర్లు మోస్తున్నవాళ్లు మా అత్తలూ మామలూ. గద్దెల మీది తల్లికి దండం పెట్టడానికి మాకు అభ్యంతరం లేదు, ఆ తల్లి పేరుతో ఎల్‌కేజీలో చేర్పించడానికే ఉంది.

ఆ కియారా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2010లో వచ్చిన 'అంజానా అంజానీ' అన్న హిందీ సినిమాలో ప్రియాంకా చోప్రా పాత్ర పేరది. అలియా అడ్వాణీ అన్న అమ్మాయి సినిమాల్లోకి వస్తూ, అప్పటికే అలియా భట్ ఉంది కాబట్టి, ఆ పాత్ర పేరు తీసుకుంది. 2018లో 'భరత్ అనే నేను'తో తెలుగు ఊళ్లకొచ్చింది. పాత్ర నుంచి నటికి, నటి నుంచి మా పాపకు. సినిమా చూసి పేరు పెట్టడం కొత్తేమీ కాదు, తారకరాముళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఆ తండ్రులు "మా హీరో పేరండీ" అని బాహాటంగా చెప్పుకున్నారు. మేం చెప్పం. సంస్కృతంలో దానికేదో గొప్ప అర్థముందని చెబుతాం. ఫోన్లో చూసిన అర్థమే. ఏ నిఘంటువులో ఉందో అడిగినవాణ్ణి పాతచింతకాయ పచ్చడి అంటాం.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పకపోతే ఈ ఆత్మవిమర్శ కూడా బోలుదే అవుతుంది. పాతవన్నీ మంచి పేర్లు కావు. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో యముడి కంట పడకూడదని పెంటయ్య అని పిలిచారు, పుల్లాకు మీద, అంటే ఎంగిలి విస్తరాకు మీద, దొర్లించి పుల్లయ్య అన్నారు, తవుడుకు అమ్మి కొన్నట్టు చేసి తవిటయ్య అన్నారు. అవి భయంతో పెట్టిన పేర్లు. టీకాలూ ఆస్పత్రులూ వచ్చాక వాటి అవసరం తీరింది, పోతే పోయాయి. ఇంకా ముఖ్యమైనది కులం. రామయ్యను రామిగా అనీ, ఎల్లయ్యను ఎల్లిగా అనీ తప్ప పిలవని దొరల గడీల ముందు నిలబడిన కుటుంబం, తన మనవడికి అద్విక్ అని పెట్టుకుంటే దాన్ని ఫ్యాషన్ అనే హక్కు నాకు లేదు. పేరు వినగానే కులం పసిగట్టే టీచరూ, ఇల్లు అద్దెకిచ్చే ఓనరూ తెల్లమొహం వేయాలని ఆ తండ్రి కోరుకుంటే అది వివేకమే. నేను మాట్లాడుతున్నది అలా దాచుకోవలసిన అవసరం ఏనాడూ లేని మా గురించి. మేం ముందు భాగం మాత్రమే మార్చాం. చివర రెడ్డి, చౌదరి, శర్మ అలాగే ఉంచాం. మా అమ్మలకు లేని ఆ తోకను ఆడపిల్లలకు కూడా తగిలించాం. నేలను చెప్పే ముక్క తీసేసి కులాన్ని చెప్పే ముక్క ఉంచుకున్నాం, దాన్ని మోడర్న్ అన్నాం.

కొత్త పేరు పెట్టడమే నేరమనీ కాదు. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా, 1930లో ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న రోజుల్లో పుట్టిన కొడుక్కు లవణం అని పెట్టారు. 1939లో, యుద్ధం ముంచుకొస్తున్న కాలంలో పుట్టిన కొడుక్కు సమరం. పిల్లలు నవ్వుతారేమోనని ఆ ఇంట్లో ఎవరూ ఆగినట్టు లేదు. లవణం గుఱ్ఱం జాషువా కూతురు హేమలతను పెళ్లాడి, ఆమెతో కలిసి స్టూవర్టుపురంలో పనిచేశారు. సమరం పేరు తెలియని తెలుగు పత్రికా పాఠకుడు లేడు. నిజాం పాలనలో ఉన్న నల్లగొండ జిల్లాలో ఒక భూస్వామి ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు స్వరాజ్యం అని పెట్టారు, ఆ పిల్ల తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం అయింది. ఎవరూ పెట్టని పేర్లంటే అవీ. వాళ్లు తాము నమ్మినదాని వైపు చూసి పెట్టారు. మేం పక్క ఫ్లాటు వైపు చూసి పెట్టాం.

నండూరి సుబ్బారావు 1925లో ఎంకి పాటలు అచ్చువేస్తే తెలుగుదేశం మురిసిపోయింది. ఎంకి అన్న ముతక పేరులో ఇంత అందముందా అన్నారు. రేడియోలో పాడించుకున్నారు, పాఠాల్లో పెట్టుకున్నారు. కూతురికి మాత్రం ఎంకి అని పెట్టలేదు. ఆ విషయంలో మా తాతలూ మాకంటే తక్కువేమీ తినలేదు. ఇక ఇంకో సుబ్బారావు: భీమవరంలో పుట్టి అమెరికాలో మందుల పరిశోధనలో జీవితమంతా గడిపి 1948లో పోయిన యల్లాప్రగడ సుబ్బారావు. మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్‌ల వెనక ఆయన ఉన్నాడు. ఆయన గౌరవార్థం శాస్త్రవేత్తలు ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. బూజుకు పనికొచ్చిన పేరు మా బాబుకు పనికిరాలేదు.

ఇప్పుడు బారసాలకు ముందు మా ఇళ్లల్లో జరిగేది ఒక పెద్ద తతంగం. నక్షత్రం, పాదం చూసి పంతులుగారు అక్షరం చెబుతారు. ఆరుద్ర మూడో పాదమైతే 'ఙ', హస్త మూడో పాదమైతే 'ణ'. ఆ అక్షరంతో పేరు దొరకదు కాబట్టి ఇంకేదైనా పెట్టుకోమని ఆయనే సర్దుబాటు చేస్తారు. పూర్వం జన్మనామం చెవిలో చెప్పి, పిలిచే పేరు వేరే పెట్టుకునేవాళ్లు, గొడవ ఉండేది కాదు. తర్వాత సంఖ్యాశాస్త్రం ఆయన ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ఏ, ఒక హెచ్ ఇరికిస్తాడు. తర్వాత అమెరికాలో ఉన్న బావగారు అక్కడివాళ్ల నోరు తిరుగుతుందో లేదో చూస్తాడు. ఇక్కడి నాయనమ్మ నోరు తిరుగుతుందా అని ఎవరూ అడగరు. ఆవిడ అయాన్ష్‌ను అయ్యన్ను అంటే పిల్లాడి అమ్మ సరిదిద్దుతుంది. చివరికి ఆ పేరు తెలుగులో రాయమంటే షకారమా శకారమా అని అమ్మకీ అనుమానమే. ఇంత చేసి, వాణ్ణి ఇంట్లో చిన్నూ అని పిలుస్తాం.

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. పుట్టిన 21 రోజుల్లోపు కబురు ఇవ్వాలంటుంది, పేరు మాత్రం తర్వాతైనా చేర్చుకోవచ్చు. బారసాల 21వ రోజున చేసే ఇళ్లకు ఈ లెక్క సరిగ్గా అతికింది. 2023లో చట్టం సవరించాక పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం నుంచి చాలా పనులకు ఆ పుట్టుక సర్టిఫికెట్టే ఆధారం. కాబట్టి అక్కడ ఏం రాయించామన్నదే అసలు నిర్ణయం.

తాత పేరు మనవడికి పెట్టకపోతే ఒకప్పుడు ఆయన అలిగేవాడు. ఇప్పుడు అలగడం మానేశాడు. "నా పేరెందుకురా వాడికి, బళ్లో ఏడిపిస్తారు" అని ముందే తప్పుకుంటున్నాడు. ఇది చూసి పెద్దాయన ఎంత మారాడో అని మెచ్చుకున్నాం. తన పేరు నవ్వులాటకే పనికొస్తుందని ఆయనకు నేర్పింది ఎవరో మాత్రం అడగలేదు.

అయినా మనసు ఒప్పక మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాం. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో వెంకట సుబ్బ అద్విక్ అని పూర్తిగా రాస్తాం, తాత కళ్లు తుడుచుకుంటాడు. సర్టిఫికెట్టులో వి. ఎస్. అద్విక్ అని రాయిస్తాం. వి అంటే ఏంటి, ఎస్ అంటే ఏంటి అని వాడు అడిగితే "ఏవో పాత పేర్లులే" అంటాం. ఇరవై ఏళ్లకు వాడు పాస్‌పోర్టు ఫారం నింపుతూ, పొట్టి అక్షరాలు కుదరవని తెలిసి ఇంటికి ఫోను చేస్తాడు. సుబ్బకు ఇంగ్లీషులో ఒక బీయా, రెండు బీలా అని. మాకూ తెలియదు, తాత పెన్షను పుస్తకం వెతకాలి.