స్టాగ్ బీటిల్‌కు రూ.75 లక్షలా? అసలు సంగతి ఇదీ

స్టాగ్ బీటిల్ అనే పురుగు ధర రూ.75 లక్షలంటూ 2024లో మన దేశంలో పలు వార్తా సంస్థలు కథనాలిచ్చాయి. అది చూసి పెంటకుప్పలో దొరికిన నల్లటి పెద్ద పురుగును అమ్మాలనుకునే రైతులు ముందు ఈ ధర ఎక్కడిదో తెలుసుకోవాలి.

జపాన్‌లో ఈ పురుగులను సరదాగా పెంచుకుంటారు. 1999లో 8 సెంటీమీటర్ల మగ పురుగు ఒకటి కోటి యెన్‌లు పలికిందని వార్తలొచ్చాయి. అప్పటి మారకంలో అది దాదాపు రూ.40 లక్షలు. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం విదేశీ రకాల దిగుమతికి తలుపులు తెరిచింది. ఆగ్నేయాసియా నుంచి లక్షల్లో పురుగులు వచ్చిపడ్డాయి. పైగా రంపపు పొట్టుకు పుట్టగొడుగుల స్పాన్ ఎక్కించి, ఆ సీసాల్లోనే పిల్లపురుగులను పెంచడం అక్కడ మామూలైపోయింది. ఇంట్లో పెంచుకోగలిగిన దానికి లక్షలు ఎవరిస్తారు? ఆ పాత ధర ఒక్క పురుగుది, సంత ధర కాదు.

ఈ జాతిలో పొడవైన జిరాఫీ రకం మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉంది. మగది 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దుప్పి కొమ్ముల్లా కనిపించేవి నిజానికి దవడలు, తెరుచుకుని మూసుకుంటాయి. వాటితో మగవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. పిల్లపురుగులు పుచ్చిన కట్టెను తింటాయి, పెద్దవి చెట్టు రసం తాగుతాయి. పంటకు వీటితో పేచీ లేదు.

అడవికి వెళ్లి పట్టుకొస్తామంటే మాత్రం చిక్కే. 2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా జాతీయ పార్కులో అనుమతి లేకుండా పురుగులు సేకరించిన ఇద్దరు చెక్ దేశీయులు అరెస్టయ్యారు, ఒకరికి జైలు శిక్ష కూడా పడింది. అడ్వాన్స్ కట్టండి, పురుగు మేమే కొంటామని ఎవరైనా ఫోన్ చేస్తే పైసా ఇవ్వకండి.

ఇక మన పెంటకుప్పలో దొరికేది చాలావరకు కొబ్బరి కొమ్ము పురుగే. తల మీద ఒకటే కొమ్ము, వెనక్కి వంగి ఉంటుంది, కదలదు. ఇది మొవ్వును తొలిచేస్తుంది. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్లు కనిపిస్తుంది. మొవ్వు రంధ్రంలోకి ఇనుప కొక్కెం దూర్చి పురుగును లాగి చంపాలి. లేత చెట్లకు మొవ్వు దగ్గరి ఆకు మట్టల మొదళ్లలో 3 నాఫ్తలీన్ ఉండలు పెట్టి పైన ఇసుక వేయాలి. పిల్లపురుగులు పెరిగేది పెంటలోనే కాబట్టి అక్కడ మెటారైజియం శిలీంద్రం చల్లాలి. పడిపోయిన కొబ్బరి మానులను తోటలో ఉంచకూడదు.