వాళ్ళకి మెడల్స్, మనకి నీళ్ళు

మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్ళే దారిలో కయెంటా అని ఒక ఊరు వస్తుంది. అరిజోనా ఈశాన్య మూల, నవాహో రిజర్వేషన్ లోపల. ఆ దారిన వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది అక్కడి బర్గర్ కింగ్‌లో ఆగే ఉంటారు. అందులో ఒక చిన్న మ్యూజియం ఉంది, ఎవరైనా గమనించారో లేదో. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన నవాహో కోడ్ టాకర్ల ఫొటోలు, పసిఫిక్ నుంచి తెచ్చిన జపాన్ సైనికుల వస్తువులు. ఆ హోటల్ పెట్టిన కుటుంబంలో పెద్దాయన కోడ్ టాకరట.

మొన్న లాంగ్ వీకెండ్‌కి ఐదుగురం వెళ్ళాం. ఫ్రైస్ తింటూ మాలో ఒకడు (సెక్యూరిటీ టీములో చేస్తాడు లెండి) ఆ ఫొటోల వంక చూసి, "ఇందులో ఏముందిరా, ఉత్త సెక్యూరిటీ త్రూ అబ్‌స్క్యూరిటీ. ఎవడికీ రాని భాషలో మాట్లాడారు, అంతేగా. మనమూ తెలుగులో మాట్లాడితే సరి" అన్నాడు. ఇంకొకడు, "అయినా ప్రెసిడెంటే పిలిచి గోల్డ్ మెడల్స్ ఇచ్చాడు కదా, ఇంకేం కావాలి" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. కారెక్కాక మాత్రం అరగలేదు. చాండ్లర్ దాకా ఐదు గంటల దారి, వాదిస్తూనే ఉన్నాను. ఫ్లాగ్‌స్టాఫ్ వచ్చేసరికి నలుగురూ నిద్రపోయారు :) అందుకని మిగతాది మీకు చెబుతున్నాను.

ముందు ఆ 'అంతేగా' సంగతి చూద్దాం. ఐడియా ఫిలిప్ జాన్‌స్టన్‌ది. మిషనరీ గారబ్బాయి, రిజర్వేషన్‌లో పెరిగాడు, భాష కొంత వచ్చు. 1942 మొదట్లో మెరైన్ దళం వాళ్ళకి ప్రతిపాదన ఇచ్చాడు. అక్కడి వరకూ క్రెడిట్ ఆయనదే. ఆ తర్వాత కోడ్ కూర్చుని కట్టింది 1942 మేలో చేరిన 29 మంది నవాహో కుర్రాళ్ళు. మనలాంటి డిగ్రీలేమీ లేవు వాళ్ళకి. మొదట 200 పైచిలుకు పదాలు, యుద్ధం అయ్యేసరికి 400 దాటాయి. జలాంతర్గామి అంటే ఇనప చేప. టాంకు అంటే తాబేలు. బాంబులు గుడ్లు, గ్రెనేడ్లు బంగాళదుంపలు. యుద్ధనౌక తిమింగలం. నిఘా విమానం గుడ్లగూబ. లిస్టులో లేని మాట వస్తే అక్షరం అక్షరం చెప్పాలి. 'ఎ' అక్షరానికి ఇంగ్లీషులో చీమ, ఆ చీమకి నవాహో మాట, అది రేడియోలో. ఒకే అక్షరానికి ఒకే మాట వాడితే ఫ్రీక్వెన్సీ లెక్కకట్టి పట్టేస్తారని, ఎక్కువ వాడే అక్షరాలకి తర్వాత రెండేసి మూడేసి మాటలు చేర్చారు. 'ఎ'కి చీమ, ఆపిల్, గొడ్డలి. అలా 26 అక్షరాలకి 44 మాటలు. క్రిప్టోగ్రఫీ క్లాసులో నిద్రపోనివాళ్ళకి దీని పేరు గుర్తుండే ఉంటుంది: హోమోఫోనిక్ సబ్‌స్టిట్యూషన్. యుద్ధరంగంలో కోడ్‌బుక్ ఉండదు. మొత్తం బుర్రలోనే, పైన గుండ్లు పడుతుండగా.

ఇది ఉత్త అబ్‌స్క్యూరిటీ కాదనడానికి నా దగ్గర ఒక టెస్ట్ కేస్ ఉంది. జో కియోమియా అని ఒక నవాహో సైనికుడు. కోడ్ టాకర్ కాదు, ఆర్మీలో వేరే దళం. 1942లో ఫిలిప్పీన్స్‌లో జపాన్ వాళ్ళకి చిక్కాడు, బతాన్ మరణయాత్రలో బతికి బయటపడ్డాడు. ఆ భాష వచ్చినవాడు దొరికాడని తెలిశాక కోడ్ విప్పమని జపాన్ వాళ్ళు చిత్రహింసలు పెట్టారు. గడ్డకట్టిన నేల మీద బట్టల్లేకుండా నిలబెట్టారు. అతనికి పదాలు అర్థమవుతున్నాయి, గుడ్లు, తాబేలు, చీమ... విషయం మాత్రం బోధపడదు. అంటే శత్రువు చేతిలో మాతృభాషగా ఆ భాష వచ్చిన మనిషే ఉన్నాడు, అయినా సిస్టమ్ నిలబడింది. మన సిస్టమ్స్‌లో ఎన్ని ఈ పరీక్షకి నిలుస్తాయో మా సెక్యూరిటీ మిత్రుడే చెప్పాలి.

ఇక ఇవో జిమా. 1945 ఫిబ్రవరి. మొదటి రెండు రోజుల్లో ఆరుగురు కోడ్ టాకర్లు 800కి పైగా మెసేజిలు నడిపారు, ఒక్క తప్పు లేకుండా. ఈ మాట చెప్పింది వాళ్ళ చుట్టాలు కాదు, ఆ డివిజన్ సిగ్నల్ ఆఫీసరు మేజర్ హోవర్డ్ కానర్. వాళ్ళు లేకపోతే ఆ ద్వీపం దక్కేదే కాదన్నాడాయన. అయినా 2002లో హాలీవుడ్ వాళ్ళు 'విండ్‌టాకర్స్' తీస్తే హీరో ఎవరు? కోడ్ టాకర్‌కి కాపలా ఉన్న నికొలస్ కేజ్!

సరే, పనితనం సంగతి అలా ఉంచండి. నాకు అసలు మండేది దీనికి ముందు, వెనక జరిగినవాటి గురించి.

ఈ భాషని బతకనివ్వకూడదని ఇదే ప్రభుత్వం అంతకు ముందు కొన్ని దశాబ్దాలు పనిచేసింది. పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్ళకి తీసుకెళ్ళి, జుట్టు కత్తిరించి, ఇంగ్లీషు పేర్లు పెట్టేవాళ్ళు. మొదటి 29 మందిలో ఒకరైన చెస్టర్ నెజ్ గారికి ఆ 'చెస్టర్' అలా వచ్చిందే. నవాహోలో మాట్లాడితే నోట్లో సబ్బు పెట్టి తోమేవారని ఆయన 2011లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పుకున్నారు. కొన్నేళ్ళకి అదే నోటితో అదే భాష మాట్లాడి మమ్మల్ని కాపాడమన్నారు. ఆయన వెళ్ళి మాట్లాడారు. గ్వాడల్‌కెనాల్ దగ్గర్నుంచి.

ఇక్కడ మనవాళ్ళకి ఠక్కున మైదుకూరు గుర్తుకొస్తుంది. 2009లో కడప జిల్లాలో, స్కూల్లో తెలుగు మాట్లాడారని పిల్లల మెళ్ళో పలకలు కట్టారు కదా. గుర్తు రావడం మంచిదే కానీ దయచేసి రెండిటినీ ఒక గాట కట్టకండి. మనం ఫీజులు కట్టి మరీ, క్యూలో నిలబడి మరీ అలాంటి స్కూళ్ళలో పిల్లల్ని చేర్పించాం. నవాహో తల్లిదండ్రుల దగ్గర లాక్కుపోయారు. "మాతృభాష గొప్పదనం చూడండి" అని వీళ్ళ కథని ఫార్వర్డ్ చేసే తెలుగు భాషాభిమానులు ఆ తేడా ఒక్క లైనులోనైనా రాయరు.

యుద్ధం అయ్యాక ఏం జరిగింది? నోరెత్తొద్దన్నారు. కోడ్ మళ్ళీ పనికొస్తుందేమోనని 1968 దాకా రహస్యంగానే ఉంచారు. మనం ఆర్నెల్ల ప్రాజెక్టుని రెజ్యుమెలో నాలుగు బులెట్ పాయింట్లుగా సాగదీస్తాం. వీళ్ళు 23 ఏళ్ళు ఇంట్లో పెళ్ళాంబిడ్డలకి కూడా చెప్పుకోలేదు. ఓటుహక్కు అంటారా, 1924లోనే పౌరసత్వం ఇచ్చేశాం అంటుంది చట్టం. అరిజోనా, న్యూమెక్సికోల్లో ఓటు కోసం 1948లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. యూటాలో 1957 దాకా లేదు. మిగతా సైనికులు ప్రభుత్వ హామీ మీద లోన్లు తీసుకుని ఇళ్ళు కట్టుకుంటుంటే, రిజర్వేషన్ భూమికి పట్టా ఉండదు కాబట్టి వీళ్ళకి బ్యాంకులు ఇవ్వలేదు. ఒక దేశం తన సైనికుణ్ణి ఇంకెంత బాగా మర్చిపోగలదో నాకు తెలీదు.

ఇప్పుడు మెడల్స్. 2001 జులైలో బుష్ చేతుల మీదుగా ఆ 29 మందికి గోల్డ్ మెడల్స్ ఇచ్చారు. అప్పటికి బతికున్నది ఐదుగురు. మిగతావి పిల్లలు, మనవలు అందుకున్నారు. మిగిలిన తెగల కోడ్ టాకర్లకైతే 2008లో చట్టం, 2013లో మెడల్స్. చోక్టావ్ వాళ్ళు ఈ పని చేసింది 1918లో, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో! 2014 జూన్‌లో చెస్టర్ నెజ్ పోవడంతో మొదటి 29 మందీ అయిపోయారు. మొత్తం 400 మంది దాకా పనిచేస్తే, 2024 అక్టోబరులో జాన్ కిన్‌సెల్ గారు 107వ ఏట పోయాక మిగిలింది ఇద్దరు.

2017 నవంబరులో ముగ్గురిని వైట్‌హౌస్‌కి పిలిచి సన్మానం చేశారు. వాళ్ళని నిలబెట్టింది ఆండ్రూ జాక్సన్ పటం ముందు. 1830లో ఇండియన్ల తరలింపు చట్టం మీద సంతకం పెట్టినాయన పటం ముందు. ట్రంప్ గారు ఆ సభలోనే ఒక సెనేటర్‌ని 'పోకహాంటస్' అని వెక్కిరించారు. 2025 మార్చిలో ఇంకా బాగుంది. డైవర్సిటీ ఏరివేత పేరుతో రక్షణ శాఖ కోడ్ టాకర్ల మీద తన సొంత వ్యాసాలనే తీసేసింది, గొడవయ్యాక తిరిగి పెట్టింది. కీవర్డ్ వెతికి డిలీట్ కొట్టే స్క్రిప్ట్ రాసింది ఎవరో మనలాంటి ఇంజనీరే అయ్యుంటాడేమో అని నాకొక అనుమానం. అనుమానమే సుమా.

మెడల్ ఇచ్చారు కదా ఇంకేం కావాలి అన్నాడు కదా మావాడు. నీళ్ళు కావాలి. నవాహో ఇళ్ళలో దాదాపు మూడో వంతుకి కుళాయి లేదు. ట్యాంకర్లలో, డ్రమ్ముల్లో తెచ్చుకుంటారు. 1868 ఒప్పందం ప్రకారం మాకు నీళ్ళ మీద హక్కుంది, మాకెంత కావాలో, ఎక్కణ్ణుంచి ఇస్తారో తేల్చండి అని కోర్టుకెళ్తే, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, అలా పూనుకుని చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదంది. కోడ్‌లో అమెరికాకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'మా అమ్మ'.

మనకేంటి సంబంధం అంటారా? ఫీనిక్స్, చాండ్లర్లలో ఉండే మనవాళ్ళకి చాలానే ఉంది. కొలరాడో నది నీళ్ళు 336 మైళ్ళ కాలువ మీద ఎత్తిపోసుకుంటూ మన ఎడారి ఊళ్ళకి వస్తాయి. ఆ పంపులకి కరెంటు ఏళ్ళ తరబడి వచ్చింది నవాహో భూమి మీద పేజ్ దగ్గర కట్టిన థర్మల్ స్టేషన్ నుంచి. 2019 నవంబరులో మూసేశారు. దానికి బొగ్గు కయెంటా గని నుంచి. అవును, మేం ఫ్రైస్ తిన్న కయెంటానే. పొగ వాళ్ళకి, నీళ్ళు మనకి. ఆ స్టేషన్ నడిచినన్నాళ్ళూ రిజర్వేషన్‌లో వేల ఇళ్ళకి కరెంటే లేదు. నేనుండే కమ్యూనిటీలో రెండు స్విమ్మింగ్ పూల్స్ ఉన్నాయి, రెండోది ఎందుకో ఎవరికీ తెలీదు.

"మనం వలస వచ్చినవాళ్ళం, వీసా మీద బతికేవాళ్ళం, మనమేం చేస్తాం" అని నిద్ర లేచాక మావాడు అన్నాడు. నిజమే, మనకి ఓటు లేదు. గ్రీన్‌కార్డ్ బ్యాక్‌లాగ్ గురించి సెనేటర్లకి వందల ఉత్తరాలు రాయడం మాత్రం వచ్చు. మనవాళ్ళలో పౌరసత్వం వచ్చి, ఓటేసి, సిటీ కౌన్సిల్ మీటింగులకి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. ఇళ్ళ ధరల గురించి, స్కూలు రేటింగుల గురించి అక్కడ లేచి మాట్లాడతారు. నీళ్ళ పంపకం అజెండా వచ్చినప్పుడు కూడా కూర్చునే ఉంటారు కదా.

ఆగస్టు 14 కోడ్ టాకర్ల దినం, 1982లో రేగన్ ప్రకటించాడు. ప్రతి ఏడాదీ ఆ రోజు నాకు కనీసం మూడు గ్రూపుల్లోంచి అదే ఫొటో, అదే పేరా వస్తుంది. ఈసారి పంపకండి. పంపాలనిపిస్తే ఆ 2023 తీర్పుతో పాటు జస్టిస్ గోర్సచ్ రాసిన అసమ్మతి తీర్పు కూడా చదివి, ఏమనిపించిందో పంపండి.