నీటి అడుగున విజయపురి

నాగార్జునకొండకు లాంచీలో వెళ్లే యాత్రికుడు దిగేది కొండమీదే గాని, అతడు చూడాలని వచ్చిన నగరం ఆ లాంచీ దాటిన నీటి అడుగున ఉంది. శాతవాహనుల తరువాత, క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకులు రాజధానిగా చేసుకున్న విజయపురి, కొండలు చుట్టిన కృష్ణాతీరపు లోయలో వెలసింది. 1926లో వెలుగుచూసిన ఆ శిథిలాలకు మూడు దశాబ్దాలు నిండకముందే, 1955లో, నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోపు తవ్వగలిగినంత తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి కొండమీదా, కుడిగట్టున అనుపులోనూ తిరిగి కూర్చారు, మరికొన్నింటికి నమూనాలు కట్టారు. సాగునీటి అవసరం కాదనలేనిది. ఆ తరలింపు వెనుక ఉన్న శ్రమ సామాన్యమైనదీ కాదు. అయినా ఏది అసలు రాయో, ఏది నమూనాయో, ఏది లోయలో ఎక్కడ నిలిచేదో తెలియకుండా తిరిగివచ్చే యాత్రికుడికి విజయపురి అందనట్టే.

ఎందుకంటే ఈ నగరం విశేషమంతా ఇరుగుపొరుగులో ఉంది. వంశస్థాపకుడైన శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు; ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి, అంటే బుద్ధుని ధాతువును నిక్షేపించిన మహాస్తూపానికి, పోషకురాలు. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన వేదికలమీద ఐదేసి చొప్పున నిలిపే ఆయక స్తంభాలలో కొన్నింటిమీద, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఆమె దానశాసనం నేటికీ చదవవచ్చు. అందులో ఆమె తన అల్లుడైన వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరాన్ని పేర్కొంది. బోధిశ్రీ అనే ఉపాసిక, అనగా సంసారంలో ఉంటూనే బౌద్ధాన్ని ఆచరించిన గృహిణి, వేయించిన శాసనం ఇంకా దూరం చూస్తుంది: కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి (సింహళం) మొదలైన దేశాల్లో ధర్మం చాటిన భిక్షువులను అది స్మరిస్తుంది. సింహళ విహారం ఉన్న ఊరికి ఆ దేశాల పేర్లు కొత్త కావు. యజ్ఞశాలకూ స్తూపానికీ, విహారానికీ కోటకూ మధ్య దూరమెంత, ఏది ఏ దిక్కున ఉండేది అన్నవే ఈ సహజీవనానికి సాక్ష్యాలు. కట్టడాలను పెకలించి ఒకచోట చేర్చినప్పుడు మొదట చెదిరింది ఆ సాక్ష్యమే.

కనుక ప్రతి కట్టడం పక్కనా పాత లోయ పటం ఉండాలి, అందులో దాని అసలు చోటు గుర్తించి ఉండాలి, శాంతిశ్రీ, బోధిశ్రీల శాసనాలకు తెలుగు పాఠం అక్కడే దొరకాలి. యాత్రికుడు కొండతో సరిపెట్టుకోకుండా అనుపుకు కూడా వెళ్లి, మధ్యనున్న నేలచుట్టూ అంచెలంచెలుగా లేచే రాతిమెట్ల రంగస్థలంలో కాసేపు కూర్చోవాలి. విజయపురి పౌరులు గుంపుగా చేరి ఏదైనా చూసేందుకు కట్టుకున్న చోటు అదొక్కటే మనకు దక్కింది.