అడగడం నేర్పే డిజిటల్ చదువు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు అడవి గూడేల ప్రస్తావన వస్తే చాలు, డిజిటల్ అసమానత గురించిన చర్చ సెల్ టవర్ల దగ్గర మొదలై అక్కడే ముగుస్తోంది. టవర్ల కొరత నిజమే. సిగ్నల్ అందని ఊళ్ల కోసం కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల 4జీ పథకాన్ని ఆమోదించింది. టవర్లు వస్తున్నాయి, మిగిలిన చోట్లకూ వస్తాయి. కానీ టవర్ రాకముందే హక్కులు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరును యాప్‌లోనే, రోజుకు రెండు ఫొటోలతో ఎక్కించాలన్నారు. మరుసటి ఏడాది జనవరి 1 నుంచి కూలి చెల్లింపును ఆధార్‌తో ముడిపెట్టారు. బియ్యం తెచ్చుకోవాలంటే వేలిముద్ర పడాలి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న, బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్లకు మారితే, టీవీ లేని ఇళ్ల పిల్లలకు చదువే ఆగిపోయింది. ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ఆ రోజంతా చెరువు పూడిక తీసిన మనిషి తప్పు ఇందులో రవ్వంతైనా లేదు.

నేర్పే ప్రయత్నాలు జరగలేదని అనడం లేదు. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికొకరి చొప్పున 6 కోట్ల గ్రామీణ కుటుంబాలను లక్ష్యంగా పెట్టుకుంది. 2024 మార్చితో ముగిసేనాటికి 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చినట్టు లెక్క చూపింది. 20 గంటల పాఠం, ఆపైన ఒక పరీక్ష. ఇంటికొకరు అన్నప్పుడు ఆ ఒక్కరు ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 26.5 శాతమే, మగవాళ్లు 57.4 శాతం. అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. ఫోన్ వాడటం వచ్చిన మనిషికి తన కూలి ఎందుకు పడలేదో, ఏ ఖాతాకు పోయిందో, ఎవరిని నిలదీయాలో తెలియాలి. అది తెలియనంత వరకు ఆ శిక్షణను అక్షరాస్యతగా లెక్కవేయడం సరికాదు.

అక్షరాస్యతకు ఈ అర్థం తెలుగునేలకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వాచకం పట్టుకున్న ఆడవాళ్లు సంతకంతో ఆగలేదు. ఆ వాచకంలోని ఒక పాఠం తమ బతుకే అనిపించి దూబగుంటలో సారా దుకాణం మీదికి కదిలారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ తర్వాత, 2006 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టింది. హాజరు పట్టీలైన మస్టర్లను ఊళ్లోనే తిరగేసి, లెక్కలను గ్రామసభలోనూ మండల ప్రజావేదికలోనూ అందరికీ వినబడేలా చదివారు. ఒక్క అక్షరం రాని కూలీ కూడా తన పేరు విని, ఆ వారం నేను పనికే పోలేదనో, నాకు రాసిన డబ్బు నాకు ముట్టలేదనో లేచి చెప్పగలిగింది. ఇప్పుడు అదే మస్టర్ వెబ్‌సైట్‌లో ఉంది. ఢిల్లీలో కూర్చున్న పరిశోధకుడు క్షణంలో చూడగలడు. అందులో పేరున్న మనిషి మాత్రం మరొకరిని బతిమాలి చూపించుకోవాలి.

యంత్రం వచ్చాకే దొంగ మస్టర్లు తగ్గాయి కదా అనే వాదన ఉంది. తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. పాత కాగితపు పద్ధతిలో చనిపోయినవాళ్ల పేర్లతోనూ కూలి తిన్నారు. అయితే ఆ హాజరు యాప్‌లో పనికి సంబంధం లేని ఫొటోలూ, ఫొటోకు తీసిన ఫొటోలూ ఎక్కుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. దొంగకు దారి దొరికింది, సిగ్నల్ లేని కూలీకి దొరకలేదు. కింది మనిషి లెక్క పైవాడికి కనబడే ఏర్పాటు మాత్రమే చేసి, పైవాడి లెక్క కింది మనిషికి కనబడే ఏర్పాటు వదిలేస్తే జరిగేది ఇదే.

రెండో వాదన కాలం మీద భరోసా: కుర్రాళ్లందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వాళ్లే నేర్చుకుంటారు, ఈ గూడేల్లో కోయ భాష మాట్లాడేవాళ్ల కోసం వేరే ఖర్చెందుకు, తెలుగు నేర్పితే చాలదా అని. తెలుగు నేర్పాల్సిందే. కానీ 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 4 లక్షలకు పైనే. వాళ్లలోని నడివయసు మనిషి తెలుగు చదవడం వచ్చేదాకా కూలి అడక్కుండా ఆగాలా? సరిహద్దుకు అవతలి ఛత్తీస్‌గఢ్‌లో దీనికి జవాబు ఎప్పుడో దొరికింది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో ప్రారంభించిన సీజీనెట్ స్వరకు మామూలు బటన్ ఫోన్ చాలు. అక్కడి గిరిజన భాష గోండిలోనైనా సరే, ఫోన్ చేసి తమ ఊరి సమస్య చెబితే అది రికార్డవుతుంది, మరొకరు ఫోన్‌లోనే వింటారు. విన్నవాళ్లలో కొందరు సంబంధిత అధికారికి ఫోన్ చేసి అడుగుతారు. చదవడం, రాయడం, ఇంటర్నెట్ ఏవీ లేకుండానే జనం అధికారాన్ని ప్రశ్నించారు. కోయ, గోండికి దగ్గరి భాషే.

ఇలాంటి ఏర్పాటు భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏ) మోయలేని భారం కాదు. కోయలో మాట్లాడి ఫిర్యాదు నమోదు చేసుకునే ఒక ఫోన్ నంబరు కావాలి. పంచాయతీకొక కోయ యువతికి జీతమిచ్చి, హాజరూ చెల్లింపుల జాబితాను గ్రామసభలో కోయలో చదివించాలి. ఫొటో ఎక్కని రోజున, వేలిముద్ర పడని రోజున కాగితం రిజిస్టరు చెల్లాలి. నిధుల వినియోగాన్ని ధ్రువీకరించే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం హింసకు ఊళ్లొదిలి వచ్చి ఇక్కడి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయల గూడేలను కూడా ఈ ఏర్పాటులో మొదటి రోజు నుంచే చేర్చాలి. ఏ జాబితాలోనూ సరిగ్గా పేరెక్కని ఆ కుటుంబాలకే అడిగే దారి అందరికన్నా ముందు కావాలి.